ఊరంతా కలిసి చదివే పుస్తకాన్ని ఎంచుకోవడం ఎలా?

ఒక ఊళ్లో వీలైనంత ఎక్కువమంది ఒకే కాలంలో ఒకే పుస్తకం చదివి దాని గురించి మాట్లాడుకునే ఏర్పాటు, ఈనాడు మనం చూస్తున్న రూపంలో, 1998లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైంది. అక్కడి ప్రజా గ్రంథాలయంలో పనిచేసిన నాన్సీ పెర్ల్ ఆధ్వర్యంలో ఎంపికైన తొలి పుస్తకం రస్సెల్ బ్యాంక్స్ నవల ‘ది స్వీట్ హియర్‌ఆఫ్టర్’. బడి బస్సు ప్రమాదంలో పిల్లలను పోగొట్టుకున్న ఒక చిన్న ఊరి కథను అందులో నలుగురు మనుషులు నాలుగు వైపుల నుంచి చెబుతారు. తప్పెవరిదన్న ప్రశ్నకు చదివినవారంతా ఒకే జవాబు చెప్పడం సాధ్యం కాదు. 2001లో షికాగో నగరం ఇదే బాట పట్టి హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ను ఎంచుకుంది. 2002లో న్యూయార్క్ కూడా ప్రయత్నించింది కానీ, ఎంపిక చేయవలసినవారు రెండు పుస్తకాల మధ్య చీలిపోవడంతో నగరమంతటికీ ఒకే పుస్తకం కుదరలేదు. డబ్బు, గ్రంథాలయాలు, పాఠకులు అన్నీ ఉన్న మహానగరంలో కూడా పని చెడింది ఎంపిక దగ్గరే కాబట్టి, ఈ వ్యాసమంతా ఆ ఒక్క ఘట్టానికే కేటాయిస్తున్నాను.

మన నేలకు ఈ ఆలోచన పరాయిది కాదు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోనే వెలిసింది. పుస్తకాన్ని మనిషి దగ్గరికి చేర్చాలన్న పట్టుదల ఆ తరం వారిది. ఒక మండల కేంద్రం గానీ, చిన్న పట్టణం గానీ, పెద్ద నగరంలోని ఒక పేట గానీ ఆ పట్టుదలను మళ్లీ అందుకోవాలనుకుంటే పుస్తకాన్ని ఎలా ఎంచుకోవాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

మొదటి మెట్టు: ముందు తేదీలు, తరువాత పుస్తకం

చాలామంది పుస్తకం పేరుతో మొదలుపెడతారు. కాలంతో మొదలుపెట్టడం మేలు. ఆషాఢ శ్రావణాల్లో నాట్లు, కార్తీకం దాటాక కోతలు, మార్చిలో పదో తరగతి, ఇంటర్ పరీక్షలు, ఆ వెనకే ఎండలు, పెళ్లిళ్లు ఉంటాయి. ఇవన్నీ తీసివేస్తే వ్యవసాయం మీద బతికే ఊళ్లకు అక్టోబరు మొదటి వారం నుంచి నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేదాకా ఉన్న ఆరు వారాలు చాలా అనుకూలమైన కాలం. చాలా ఏళ్లలో దసరా సెలవులు ఆ మధ్యలోనే రావడం వల్ల బయట చదువుకుంటున్న పిల్లలు కూడా ఇంటికి వచ్చి ఉంటారు. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే వారోత్సవాలను ముగింపు సభలకు వాడుకోవచ్చు.

అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ప్రతులు సెప్టెంబరు చివరికి చేతికి రావాలి. పుస్తకం పేరు ఆగస్టు 29న, అంటే గిడుగు వెంకట రామమూర్తి గారి జయంతి రోజైన తెలుగు భాషా దినోత్సవాన, ప్రకటించవచ్చు. ప్రకటనకు ముందు ప్రచురణకర్తతో మాట్లాడి కాగితం మీద మాట తీసుకోవడానికి నెల రోజులు, దానికి ముందు చదివి తేల్చుకోవడానికి కనీసం రెండున్నర నెలలు, ఇంకా ముందు పేర్లు సేకరించడానికి మూడు వారాలు పడుతుంది. అందువల్ల ఎంపిక సంఘం తొలిసారి కూర్చోవలసింది ఏప్రిల్ నెలాఖరులో. ఇంతకన్నా తక్కువ వ్యవధిలో చేస్తే సంఘంలో సగంమంది పుస్తకాలు చదవకుండానే చెయ్యెత్తుతారు.

రెండవ మెట్టు: ఊరిని చదవడం

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత దాదాపు 67 శాతం. ఏడేళ్లు దాటినవారిలో మూడోవంతు మందికి అప్పటికి చదవడం రాదన్నమాట. ఆ తరువాత పరిస్థితి మారి ఉండవచ్చు కానీ, అరవై దాటిన స్త్రీలు ఎక్కువగా ఉన్న వీధుల్లో ఇప్పటికీ చదివి వినిపించక తప్పదు. కాబట్టి మీరు ఎంచుకునే పుస్తకం కంటితో చదివేవారికే కాక, చెవితో వినేవారికి కూడా అందాలి. ఈ ఒక్క షరతు పెట్టుకుంటే ఎన్నో పేర్లు మొదట్లోనే పక్కకు తప్పుకుంటాయి.

రెండో విషయం భాష. హిందూపురం, ఆదోని వైపు కన్నడం, చిత్తూరు సరిహద్దుల్లో తమిళం, ఇచ్ఛాపురంలో ఒడియా, తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఎన్నో పట్టణాల్లో ఉర్దూ, ఏజెన్సీలో కోయ, గోండి మాట్లాడే కుటుంబాలు ఉంటాయి. తెలుగు చదవలేని కుటుంబాలు ఊళ్లో పదో వంతు ఉన్నా, ఆ భాషలో కూడా దొరికే పుస్తకమేదైనా ఉందేమో వెతకాలి. భారతీయ భాషల మధ్య అనువాదాలు వేసే సాహిత్య అకాడమీ, నేషనల్ బుక్ ట్రస్టుల పట్టికలు ఇందుకు పనికొస్తాయి.

గ్రంథాలయంలో గడచిన ఏడాది ఇంటికి ఇచ్చిన పుస్తకాల రిజిస్టరు తిరగేయండి. ఏ పుస్తకాలు తరచుగా బయటికి వెళ్తున్నాయో, ఎన్నాళ్లకు తిరిగి వస్తున్నాయో చూస్తే మీ ఊరి పాఠకుడు ఎంత లావు పుస్తకాన్ని పూర్తి చేయగలడో తెలుస్తుంది.

మూడవ మెట్టు: ఎందుకో ఒక్క వాక్యంలో రాసుకోవడం

సంఘం తొలి సమావేశంలో పుస్తకాల పేర్లు ఎత్తనివ్వకండి. ఈ కార్యక్రమం వల్ల ఊళ్లో ఏం జరగాలని మీరు కోరుకుంటున్నారో ఒక వాక్యంలో రాయండి. ‘చదవడం మానేసిన పెద్దవాళ్లు మళ్లీ ఒక పుస్తకం పూర్తి చేయాలి’ అన్నది ఒక ప్రయోజనం. ‘ఒకరి వీధికి ఒకరు వెళ్లని మనుషులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి’ అన్నది మరొకటి. మొదటిదానికి ఆపకుండా చదివించే కథ కావాలి; రెండోదానికి మనసును కాస్త ఇబ్బంది పెట్టే కథ కావాలి. రెండూ ఒకే పుస్తకంతో సాధిద్దామని కూర్చుంటే వాదన తెగదు. సాహిత్య స్థాయి, పిల్లల నీతి, ప్రాంత గౌరవం, రచయిత శతజయంతి అన్నీ ఒకే పుస్తకం మోయాలని ఆశించడమే చాలా సంఘాలు తడబడడానికి కారణమని నా అభిప్రాయం.

నాలుగవ మెట్టు: ఎంపిక సంఘం

తొమ్మిదిమంది చాలు. శాఖా గ్రంథాలయంలోని లైబ్రేరియన్, ప్రభుత్వ పాఠశాల తెలుగు పండితులు ఒకరు, కళాశాల విద్యార్థి, డ్వాక్రా సంఘం నుంచి ఒకరు, ఆశా కార్యకర్త గానీ అంగన్‌వాడీ టీచరు గానీ, పుస్తకాలు విరివిగా చదివే విశ్రాంత ఉద్యోగి, దుకాణం నడిపే వ్యక్తి, తెలుగు మాతృభాష కాని ఒకరు, చివరిగా, పదేళ్లుగా ఒక్క పుస్తకం కూడా చదవని మనిషి ఒకరు. ఈ ఆఖరి వ్యక్తిని మొహమాటానికి కూర్చోబెట్టకూడదు. ‘ఇరవయ్యో పేజీ దగ్గర వదిలేశాను’ అని ఆయన చెప్పే మాటకు పండితుల మెప్పుతో సమానమైన విలువ ఇవ్వాలి. అన్ని కులాల వాడల నుంచీ, అన్ని మతాల నుంచీ మనుషులు ఉన్నారో లేదో మొదటి రోజే చూసుకోండి; ప్రకటన అయ్యాక ఈ లోపం దిద్దడం కుదరదు.

సంఘంలో ఉన్నవారి పుస్తకం గానీ, వారి బంధువుల పుస్తకం గానీ పరిశీలనకు రాకూడదన్న నియమాన్ని సంఘం మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు తీసుకోండి. ప్రతి పట్టణంలోనూ కవులు, కథకులు ఉంటారు, వారు మనకు ఆప్తులే అయి ఉంటారు. ముందే నియమం ఉంటే కాదనవలసిన బాధ ఎవరికీ ఉండదు.

అయిదవ మెట్టు: పేర్లు సేకరించి వడపోయడం

గ్రంథాలయంలో, పంచాయతీ కార్యాలయంలో, బస్టాండు దగ్గరి టీ దుకాణంలో మూడు వారాలు పెట్టెలు పెట్టండి. చీటీ మీద పుస్తకం పేరుతో పాటు, ‘ఇది చదివాక ఎవరితో మాట్లాడాలనిపించింది?’ అన్న ప్రశ్న కూడా ఉండాలి. జవాబు రాయనివారి చీటీలు తీసేయనక్కరలేదు కానీ, జవాబు రాసినవారి చీటీలు శ్రద్ధగా చదవాలి. ఇలా వచ్చిన పేర్లలోంచి పాతిక, ఆ పాతికలోంచి అయిదు. పాతిక నుంచి అయిదుకు దిగేటప్పుడు ప్రతి పుస్తకాన్నీ ఇద్దరు వేర్వేరుగా చదివి ఒక పేజీ అభిప్రాయం రాయాలి. మిగిలిన అయిదింటినీ తొమ్మిదిమందీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి.

‘నేను ఇంటర్‌లో ఉన్నప్పుడే చదివాను, అద్భుతం’ అన్న మాటను ఒప్పుకోకూడదు. పదిహేడేళ్ల వయసులో మనల్ని ఊపేసిన పుస్తకం నలభై ఏళ్లకు మళ్లీ తెరిస్తే స్త్రీల గురించీ, దళితుల గురించీ, ముస్లింల గురించీ అందులో అలవోకగా పడిన మాటలు ఇప్పుడు ములుకుల్లా గుచ్చుకోవచ్చు. అది ఊరి ముందు బయటపడేకన్నా సంఘం గదిలో బయటపడడం మంచిది.

ఆరవ మెట్టు: ఆ అయిదింటినీ తూచడం

అసలు పని ఇక్కడే ఉంది. గొప్ప పుస్తకాలన్నీ ఊరంతా చదవడానికి తగినవి కావు. మనం వెతకవలసినది చదివిన ఇద్దరు మనుషులు నిజాయితీగా విభేదించగల పుస్తకం. ఒక పాత్ర చేసిన పని సరైనదా కాదా అని ఇంట్లో తండ్రీ కూతుళ్లు పోట్లాడుకోగలిగితే ఆ పుస్తకం పనికొస్తుంది. చదివాక అందరూ ‘అవును, నిజమే’ అని తలూపి లేచిపోయే పుస్తకం ఎంత మంచిదైనా సభలో పదిహేను నిమిషాలకు మించి నిలవదు. అందుకే ఉపదేశాల పుస్తకాలను, విజయ రహస్యాల పుస్తకాలను, చివరి పేజీలో నీతి చెప్పి ముగించేవాటిని నేనైతే పక్కన పెడతాను. సంఘంలో ప్రతి సభ్యుడూ ప్రతి పుస్తకానికీ మూడు చర్చా ప్రశ్నలు రాసి తేవాలని అడగండి. అవునూ కాదుతో తేలిపోయే ప్రశ్నలే వస్తే ఆ పుస్తకంలో చర్చకు సరుకు తక్కువని అర్థం.

తెలిసిన మూడు పుస్తకాల మీద ఈ తూకం ఎలా పడుతుందో చూద్దాం. సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’లో నూరు చిన్న కథలున్నాయి, 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాయి. ఒక్కో కథ కొద్ది పేజీలే కాబట్టి బిగ్గరగా చదవడానికీ, తీరిక లేనివారికీ ఎంతో అనువు. కానీ నూరింటిలో మీరు చదివింది ఒకటి, పక్కవారు చదివింది ఇంకొకటి అయితే ఉమ్మడి సంభాషణ చెదిరిపోతుంది. కథల సంపుటి ఎంచుకుంటే అందరూ తప్పక చదవవలసిన పది, పన్నెండు కథలను ముందే గుర్తించి ప్రకటించాలి.

గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ 1897లో తొలిసారి, విస్తృతమైన రెండో కూర్పుగా 1909లో వెలువడింది. నాటకం కావడం వల్ల పాత్రలు పంచుకుని చదవవచ్చు, ఎనిమిదిమంది కూర్చుంటే అదే ఒక కార్యక్రమం. మధురవాణిని ఎలా అర్థం చేసుకోవాలన్న దాని మీద వాదించడానికి ఏ ఊరికైనా కావలసినంత ఉంది. అయితే అందులోని ఉత్తరాంధ్ర వాడుక, నూరేళ్ల కిందటి ఇంగ్లీషు, సంస్కృతపు ముక్కలు కొత్త పాఠకుడికి అడ్డుపడతాయి. పదాల అర్థాలున్న కూర్పు దొరికితేనే దీనికి పూనుకోవాలి.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ 1922లో వచ్చి, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధానికి గురైన నవల. కులం గురించి, సంస్కరణ గురించి, అగ్రవర్ణ రచయిత దళిత జీవితాన్ని చిత్రించడం గురించి ఈనాటికీ ఎడతెగని చర్చ దాని చుట్టూ సాగవచ్చు. కానీ అది చాలా పెద్ద నవల. ఆరు వారాల్లో సామాన్య పాఠకుడి చేత దాన్ని పూర్తి చేయించడం కష్టం. కొన్ని భాగాలే చదివించేకన్నా, అదే వస్తువు మీద దళిత రచయితలే రాసిన చిన్న పుస్తకాన్ని ముందు పరిశీలించడం న్యాయమని నేను అనుకుంటాను.

నిడివి సంగతి. రెండు వందల పేజీలు దాటకుండా చూసుకోండి. రోజుకు ఇరవై పేజీలు చదివేవారికి పది రోజులు పడుతుంది. పేజీకి రెండున్నర నిమిషాల చొప్పున బిగ్గరగా చదివితే మొత్తం ఎనిమిది గంటలు దాటుతుంది, అంటే సాయంత్రానికి నలభై నిమిషాల వంతున పన్నెండు, పదమూడు సాయంత్రాలు. ఆరు వారాల్లో ఇది హాయిగా సాగుతుంది. అచ్చు అక్షరం మరీ చిన్నదిగా ఉందా, కుట్టు గట్టిగా ఉందా అన్నవి కూడా చూడాలి, ఎందుకంటే ఒక ప్రతి నలుగురి చేతులు మారాలి.

మాండలికం గురించి ఒక మాట. కడప కథను శ్రీకాకుళంలోనూ, తెలంగాణ నవలను గోదావరి జిల్లాలోనూ చదవలేరన్న భయం అనవసరం. పక్క ప్రాంతపు పలుకుబడి మొదటి పదిహేను పేజీలు కాస్త ఆపుతుంది, ఆ తరువాత అదే రుచి అవుతుంది. మా పట్టణంలో రాయలసీమ కథ ఒకటి చదివి వినిపించినప్పుడు, అనంతపురం నుంచి కోడలిగా వచ్చిన ఒకావిడ ప్రతి మాటకూ అర్థం చెబుతూ ఆ సాయంత్రమంతా సభకు పెద్దదిక్కయ్యారు. అంతకుముందు ఆవిడ ఏ సమావేశంలోనూ నోరు విప్పగా మేం చూడలేదు.

ఏడవ మెట్టు: ప్రతులు, వెల, హక్కులు

తెలుగులో చాలా పుస్తకాలు వెయ్యి ప్రతులో, అంతకన్నా తక్కువో అచ్చవుతాయి. అయిపోతే మళ్లీ ఎప్పుడు వేస్తారో చెప్పలేరు. మేం తొలిసారి చేసినప్పుడు గోడపత్రికలు అచ్చయ్యాక గానీ ఆ పుస్తకం నలభై ప్రతులకు మించి లేదని తెలియలేదు. అందుకే చివరి అయిదు పేర్లు తేలిన రోజే ప్రచురణకర్తలకు ఫోను చేసి నాలుగు విషయాలు అడగండి: చేతిలో ఉన్న ప్రతులు ఎన్ని, నూరుకు పైగా కొంటే తగ్గింపు ఎంత, అవసరమైతే పునర్ముద్రణ ఎన్ని రోజుల్లో చేయగలరు, కనీసం ఎన్ని ప్రతులు తీసుకుంటే చేస్తారు.

ఎన్ని ప్రతులు కావాలో లెక్క ఇలా వేయండి. నాలుగు వందలమంది చదవాలని లక్ష్యం పెట్టుకున్నారనుకుందాం. ఒక్కొక్కరి దగ్గర పది రోజులు ఉంటే ఆరు వారాల్లో ఒక ప్రతి నలుగురికి చేరుతుంది. నూరు ప్రతులు కావాలి. పోయేవి, చిరిగేవి, తిరిగి రానివి కలిపి నూట పదిహేను తెప్పించండి. వెల నూట యాభై రూపాయలైతే తగ్గింపుకు ముందు 17,250 రూపాయలు. ఈ మొత్తం కోసం జిల్లా గ్రంథాలయ సంస్థను ముందుగానే అడగాలి. ఆస్తి పన్నుతో పాటు స్థానిక సంస్థలు వసూలు చేసే గ్రంథాలయ సెస్సు ఉన్నది పుస్తకాల వంటి పనుల కోసమే. విదేశాల్లో ఉన్న మీ ఊరివారు ఒక్కొక్కరు పది ప్రతులు కొనిపెట్టడానికి సాధారణంగా సంతోషంగా ముందుకొస్తారు.

హక్కుల విషయంలో మన దేశంలో రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని అరవై ఏళ్లు కాపీరైటు ఉంటుంది. 1915లో కన్నుమూసిన గురజాడ వారి రచనలు గానీ, 1958లో కన్నుమూసిన ఉన్నవ వారి రచనలు గానీ ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. 1971లో కన్నుమూసిన జాషువా గారి రచనలకు హక్కులు 2031 చివరిదాకా ఉంటాయి. హక్కులున్న పుస్తకంలోంచి కొంత భాగాన్ని సభలో చదవడానికి చట్టం ఒప్పుకుంటుంది కానీ, మొత్తం పుస్తకాన్ని జెరాక్సు తీసి పంచడం, పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో తిప్పడం, గొంతు రికార్డు చేసి అందరికీ పంపడం అనుమతి లేకుండా చేయకూడదు. పుస్తకాన్ని సాయంత్రాల వారీగా పూర్తిగా చదివి వినిపించాలనుకుంటే దానికి కూడా ముందే లిఖితపూర్వక అనుమతి తీసుకోండి. చూపు లేనివారి కోసం వారికి అనువైన రూపంలో ప్రతి తయారు చేయడానికి 2012 సవరణ వీలు కల్పించింది. ఏదైనా అడిగి చేయడం మర్యాద. తెలుగులో రాసి బతకడం ఎంత కష్టమో తెలిసినవాళ్లం మనమే రచయిత నోటి దగ్గరి కూడు తీసుకోకూడదు.

ఎనిమిదవ మెట్టు: వినిపించి చూడడం

తూకం, ప్రతుల విచారణ అయ్యాక అయిదు ఇప్పుడు మూడుగా మిగిలి ఉంటాయి. ఒక్కో పుస్తకంలోంచి ఎనిమిది, పది పేజీలు ఎంచి మూడు చోట్ల చదివి వినిపించండి: తొమ్మిదో తరగతి గదిలో, డ్వాక్రా సమావేశం ముగిశాక, సాయంత్రం గ్రంథాలయ వరండాలో. మొదటి పేజీలే చదవాలి, ఎందుకంటే ఇంటికి తీసుకెళ్లినవారు తెరిచేది అక్కడే. చదివేవారు నటించకూడదు, మామూలు గొంతుతో చదివినప్పుడు కూడా వినేవారు కదలకుండా ఉన్నారా అన్నది గమనించాలి. అయ్యాక ‘నచ్చిందా?’ అని అడగకండి. మొహమాటానికి అందరూ నచ్చిందనే అంటారు. ‘తరువాత ఏమవుతుందనుకుంటున్నారు?’ అని అడగండి. జవాబులు ఒకదాన్నొకటి కోసుకుంటూ వస్తే మీ పని సగం అయినట్టే.

తొమ్మిదవ మెట్టు: తేల్చడం, కారణం చెప్పడం

న్యూయార్క్‌లో జరిగినట్టు రెండు వర్గాలుగా చీలకుండా ఉండాలంటే ఓట్ల పద్ధతి మొదటే నిర్ణయించుకోవాలి. మా అనుభవంలో బాగా పనిచేసిన పద్ధతి ఇది. ప్రతి సభ్యుడూ మూడు పుస్తకాలకూ వరుస ఇవ్వాలి, తరువాత ‘ఈ పుస్తకం ఎంపికైతే నేను ఊళ్లో దాని తరఫున నిలబడగలనా?’ అన్న ప్రశ్నకు విడిగా జవాబు రాయాలి. అందరి వరుసలూ కలిపి చూస్తే పైన నిలిచిన పుస్తకానికి ఇద్దరు నిలబడలేమని రాస్తే, తొమ్మిదిమందీ నిలబడగల రెండో పుస్తకాన్నే తీసుకోండి. అయితే అందరికీ ఇష్టమన్న పేరుతో ఎవరికీ అభ్యంతరం లేని చప్పటి పుస్తకం దగ్గర ఆగిపోకూడదు; నిలబడలేమన్నవారు కారణం చెప్పాలి, ఆ కారణం పుస్తకంలోని ఫలానా పేజీ మీద ఆధారపడాలి.

ప్రకటించేటప్పుడు ఎంపికకు కారణాలను ఒక పేజీలో రాసి గ్రంథాలయం గోడకు అంటించండి. పుస్తకంలో కులం పేర్లు, తిట్లు, హింస ఉంటే ఆ సంగతి కూడా దాచకుండా రాయాలి. అభ్యంతరం తెలిపేవారిని పుస్తకం మొత్తం చదివి రమ్మని గౌరవంగా కోరి, సంఘం ముందు మాట్లాడే అవకాశం ఇవ్వండి. చిన్నపిల్లలకు తగని పుస్తకమైతే అదే వస్తువు మీద ఒక చిన్న బొమ్మల పుస్తకాన్ని జతగా ప్రకటిస్తే, ఇంట్లో పెద్దలు ఒకటి చదువుతుంటే పిల్లలు మరొకటి పట్టుకుంటారు.

ఎంపిక కాని రెండు పుస్తకాలను ఒక్కొక్కటి అయిదు ప్రతులు తెప్పించి పక్క అరలో పెట్టండి. మొదటి పుస్తకం పూర్తి చేసి, ఇంకేముందని అడుగుతూ వచ్చేవారికి అవి ఇవ్వాలి. ఎవరు ఏది తీసుకున్నారో రిజిస్టరులో రాసి ఉంచండి. వచ్చే ఏప్రిల్‌లో సంఘం మళ్లీ కూర్చున్నప్పుడు ముందుగా తెరవవలసింది ఆ పేజీలే.